అచ్చు పడని భూతం

నా చిన్నప్పుడు మా లంక మొత్తానికి బొమ్మలున్న కథల పుస్తకం ఒక్కటే ఉండేది. అదీ చెడిపోయినది. అయినా ఇవాళ మా మనవరాలు తన కొడుకు ముందు పరిచి పెట్టే నున్నటి పుస్తకాల గుట్టంతా కలిపినా, ఆ చెడిపోయిన పుస్తకం కాలిగోటికి సరిపోదు. మొన్న ఆ పిల్లాడికి ఒకటి చదివి వినిపించాను. "పులి నవ్వింది" అని రాసి ఉంది. పైన బొమ్మలో పులి నవ్వుతోంది. పేజీ తిప్పాను. "పులి ఎర్ర టోపీ పెట్టుకుంది" అని ఉంది. బొమ్మలో పులి, దాని నెత్తిన ఎర్ర టోపీ. రాసినాయనకి బొమ్మ గీసినాయన మీద నమ్మకం లేదు, గీసినాయనకి రాసినాయన మీద లేదు, ఇద్దరికీ కలిపి పిల్లాడి మీద అసలే లేదు. చెప్పిందే చూపించి, చూపించిందే చెప్పి, మధ్యలో పిల్లాడు చేయడానికి ఏ పనీ మిగల్చలేదు. వాడు ఇంకో పేజీ తిప్పేలోగానే నా చెవికమ్మ పట్టుకుని ఆడుకోవడం మొదలెట్టాడు. వాణ్ణి నేనేమీ అనలేదు. నేనైనా అదే పని చేసేదాన్ని.

పుస్తకాల సంగతి నాకెందుకని మా పెద్దవాడు అంటాడు. నా చదువు మూడో తరగతి. మా లంకలో బడి అంటే ఒక తాటాకు పాక, ఒక మేష్టారు. ఒక ఏడాది వానలకి కొల్లేరు పొంగితే మేష్టారు ఒడ్డుకి వెళ్ళారు. నీళ్ళు తీశాక పాక కనిపించింది గానీ మేష్టారు కనిపించలేదు. నా చదువు అక్కడితో పూర్తయింది. మా పెద్దవాడు కాలేజీలో చదివాడు కనుక, పుస్తకం అనే మాట వినగానే దానిమీద తనకో అభిప్రాయం ఉండాలనుకుంటాడు. పుస్తకం తెరవడం మాత్రం నేను చూడలేదు.

లంక అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. చుట్టూ కొల్లేటి నీళ్ళు, మధ్యలో కాస్త మెరక, ఆ మెరక మీద మా ఇళ్ళు. ఉప్పు కావాలన్నా, పెళ్ళికి వెళ్ళాలన్నా, జబ్బు చేసినా నీళ్ళు దాటాల్సిందే. పెద్ద పడవ సంతరోజున మాత్రమే వచ్చేది. మిగిలిన రోజుల్లో మాకు తాటి దోనే గతి. తాటిమానుని నిలువునా చీల్చి, లోపలి గుజ్జంతా తొలిచేస్తే అదే దోనె. అందులో కూర్చోవడం ఒక విద్య. తుమ్ము వస్తే తోటివాళ్ళకి చెప్పి మరీ తుమ్మాలి. ఒకళ్ళు ఇటు ఒరిగితే అందరూ అటు మునుగుతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

మా నాన్న చేపలు పట్టేవాడు. మా మేనత్త వాటిని గంపలో వేసుకుని, దోనెలో ఒడ్డుదాకా వెళ్ళి, అక్కడినించి బండి దొరికితే బండిమీద, లేకపోతే నడిచి ఏలూరు చేరి అమ్ముకొచ్చేది. ఆవిడ నోటికి ఏలూరు బజారే జడిసేది. ఆ రోజుల్లో చేపలు కొనడమంటే ముందు చేపని తిట్టడం. కొనేవాడు గంప ముందు నిలబడి ముక్కు విరుస్తాడు. మొప్పలు ఎత్తి చూస్తాడు, పొట్ట నొక్కుతాడు, కన్ను లోపలికి పోయిందంటాడు, ఇది నిన్నటిదంటాడు. ఎంత కావాలనుకుంటే అంత తిడతాడు. అమ్మేది ఆ తిట్లన్నీ విని, అంతకంత పొగుడుతుంది. ఇద్దరూ గొంతు పోయేదాకా అరిచాక చేప చేతులు మారుతుంది. సాయంత్రం అత్త ఇంటికి వచ్చి ఆ బేరాలన్నీ మాకు ఆడి చూపించేది. మా పిల్లల ఆటలు కూడా అవే. తామరాకులు చేపలు, నేను అమ్మేదాన్ని, మా తమ్ముడు కొనేవాడు. వాడికి అప్పుడు ఆరో ఏడో ఏళ్ళు. ఆ ముక్కు విరుపు ముందు ఏలూరు ప్లీడర్లు కూడా పనికిరారు. చేతిలో ఉన్నది వట్టి ఆకే అయినా, దానికి మొప్పలు సరిగా లేవని వాడు తేల్చేసేవాడు.

మా బాబాయి ఏలూరులో ఒక అచ్చాఫీసులో మిషనుకి కాగితాలు అందించేవాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా వేళ్ళకి సిరా ఉండేలా చూసుకునేవాడు. అది కడిగితే పోదని కాదు, కడిగితే ఆయన అచ్చాఫీసు మనిషని ఎవరికి తెలుస్తుంది? ఒకసారి ఆయన ఒక పుస్తకం తెచ్చాడు. పిల్లల కోసం కొత్తగా వేస్తున్న మాయల కథ అట. అసలు పుస్తకం ఇంకా బయటికి రాలేదు. అక్షరాలు సరిగా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి ముందుగా వేసి, పక్కన పారేసిన కాగితాలని ఏరి, దారంతో కుట్టి తెచ్చాడు. ఇచ్చేటప్పుడు మాత్రం ప్రెస్సు యజమాని తనకి బహుమతిగా ఇచ్చినట్టు మొహం పెట్టాడు.

కథ ఒక రాజకుమారుడిది. ఆయన ఒక పెద్ద కొలను అడుగున ఉన్న బంగారు తామర కోసం బయలుదేరతాడు. ఆ కొలనుకి అవతలి ఒడ్డు కనబడదట, మధ్య మధ్య దిబ్బలుంటాయట, రెల్లు ఉంటుందట, మబ్బులాగా పక్షులు లేస్తాయట. నేను చదువుతుంటే అది విని మా తమ్ముడు, "అక్కా, ఇది మన కొల్లేరే" అన్నాడు. నేను కూడా అవునన్నాను. రాసినాయన ఎవరో గానీ, ఆ రెండు పుటలు రాసేటప్పుడు నిజంగా నీళ్ళ దగ్గరికి వచ్చి కూర్చున్నట్టుంది. ఆ తరువాత ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు.

మొదటి బొమ్మలో రాజకుమారుడు హంస మొహం ఉన్న పడవలో కత్తి దూసి నిలబడ్డాడు. నిలబడ్డాడండీ, నీళ్ళ మీద, నడుం మీద చెయ్యి పెట్టుకుని! అలా నిలబడితే మా లంకలో పసిపిల్లలు కూడా నవ్వుతారు. కానీ ఆ బొమ్మలో ఒక మంచిపని జరిగింది. రాజకుమారుడు మనవైపు చూసి చిరునవ్వు నవ్వుతుంటాడు. ఆయన వెనకాల నీళ్ళలో ఒక్కచోట, తామరాకులు కింది నుంచి ఎవరో ఎత్తినట్టు, పైకి లేచి ఉంటాయి. కింద మాటల్లో ఆ ఆకుల ఊసే లేదు. "కుమారుడు నిర్భయముగా సాగిపోయెను" అని మాత్రమే ఉంది. మాట ఒకటి చెబుతుంటే బొమ్మ ఇంకొకటి చూసి ఊరుకుంది. తమ్ముడు ఆ ఆకుల మీద వేలు పెట్టి నా వైపు చూశాడు. ఇద్దరం గట్టిగా ఊపిరి పీల్చుకుని పేజీ తిప్పాం.

తిప్పితే, రాసినాయన చేతులెత్తేశాడు. "ఆ జలభూతము యొక్క రూపమును వర్ణింప వేయి నోళ్ళున్నను చాలవు. చదువరీ, ఎదుటి బొమ్మను చూడుము" అని రాశాడు. చూశాం. ఎదుటి పేజీలో చుట్టూ లతలు చెక్కిన పెద్ద చట్రం ఉంది. దాని కింద "ఇదియే ఆ భూతము" అని ఉంది. చట్రంలో ఏమీ లేదు. తెల్ల కాగితం. ఆ బొమ్మని అచ్చువేసే బ్లాకు మద్రాసులో తయారవుతోందట, అది వచ్చేలోపల అక్షరాల వరకూ వేసి చూసుకున్నారు. ఈ సంగతి బాబాయికి తెలుసు. మాకు చెప్పాలని మాత్రం ఆయనకి తోచలేదు. అచ్చాఫీసు మనిషి కదా.

తమ్ముడు ఆ తెల్లటి చట్రంలోకి చాలాసేపు చూశాడు. పుస్తకం పక్కకి తిప్పి చూశాడు, వెలుతురుకి పెట్టి చూశాడు. ఆఖరికి నెమ్మదిగా, "అది అంత పెద్దదా అక్కా? ఇందులో పట్టలేదా?" అని అడిగాడు.

అంతే. ఆ రోజు నుంచి వాడు నీళ్ళకి పదడుగుల దూరంలో నడవడం మొదలెట్టాడు. మొదట అందరం నవ్వాం. పక్కింటి తాత వాణ్ణి ఒళ్ళో కూర్చోపెట్టుకుని, భూతాలూ గీతాలూ ఏమీ ఉండవని చెప్పాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "ఒకవేళ ఉన్నా మనవైపు రావురా, అన్నీ ఆకివీడు వైపే ఉంటాయి" అని కూడా కలిపాడు. పెద్దవాళ్ళు ధైర్యం చెప్పే పద్ధతి చూస్తే పిల్లలు ఇంకా బతికి ఉండడమే వింత.

నవ్వులు ఆగిపోయే పని తరువాత జరిగింది. నాన్న వల దులుపుతుంటే దూరంగా నిలబడిన తమ్ముడి కాలికింద ఒక జెల్ల చేప పడింది. జెల్లకి రెక్క దగ్గర ముల్లు ఉంటుంది, అది దిగితే మగాళ్ళు కూడా ఏడుస్తారు. వాడి అరికాల్లో దిగి లోపలే విరిగింది. అమ్మ పసుపు వేసింది, ఎవరో ఆకు కట్టారు. మర్నాటికి కాలు చీలమండ దాకా ఉబ్బి నున్నగా మెరిసింది. ఆ మర్నాటికి ఎర్రటి చార ఒకటి పిక్కమీదికి ఎక్కింది, ఒళ్ళు కాలిపోతోంది. కోసి ముల్లు తీయించకపోతే కాలు దక్కదని, కాలుతో ఆగకపోవచ్చని మా అందరికీ తెలుసు. అంతకు ముందు ఏడు మా లంకలోనే ఒకతను జెల్ల ముల్లుకే పోయాడు. ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దోనె ఎక్కించాలి.

వాడు ఎక్కనన్నాడు. నాన్న ఎత్తి కూర్చోపెట్టాడు. దోనె ఒడ్డు వదిలి, దాన్ని తోసే గెడకర్ర వేటు దూరం వెళ్ళిందో లేదో, వాడు "ఆకులు లేచాయి, ఆకులు లేచాయి" అని కేకపెట్టి నాన్న మెడమీదికి ఎగబాకాడు. దోనె తిరగబడింది. నడుంలోతు నీళ్ళు కాబట్టి సరిపోయింది. అదే నడిమధ్య అయితే ఇద్దరూ నాకు జ్ఞాపకాలుగా మిగిలేవాళ్ళు. చేతులు కట్టేసి తీసుకెళ్తానని నాన్న తాడు తెచ్చాడు. అమ్మ తాడు లాగి పారేసింది. మునిగితే కట్టేసిన పిల్లాడు తేలతాడా అంది. పెద్ద పడవ రావడానికి సంత ఇంకా దూరం ఉంది. కాలు అప్పటిదాకా ఆగేలా లేదు.

అప్పుడు నాన్న ఒక గొప్ప పని చేశాడు. పుస్తకం లాక్కుని, ఆ తెల్ల చట్రం ఉన్న కాగితం చింపి, ఉండచుట్టి, తమ్ముడు చూస్తుండగానే కొల్లేట్లోకి విసిరేశాడు. "అయిపోయింది! నీ భూతం పోయింది! ఇక ఎక్కు" అన్నాడు.

తమ్ముడు పెట్టిన కేకకి రెల్లులో కొంగలు లేచాయి. "నాన్న దాన్ని నీళ్ళల్లో వదిలేశాడే అమ్మా!"

ఇంత తెలివైన పని చేసినందుకు మా నాన్నని తరువాత బతికున్నన్నాళ్ళూ మా అత్త ఏడిపించింది. ఆ క్షణంలో మాత్రం, అంతదాకా గుమ్మంలో కూర్చుని అంతా చూసి, లేచి నన్ను పిలిచి, "ఏమే కోడలా, ఆ కాగితంలో ఏముందే?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. "ఏమీ లేకపోవడమేంటి, ఏమీ లేనిదానికి ఈడిలా ఏడుస్తాడా?" అంది. నేను జరిగిందంతా చెప్పాను. బొమ్మ చూడమని రాశారు, బొమ్మ లేదు అని. ఆవిడ గంప కూడా ఎత్తుకోకుండా, ఒక్కతే దోనె వేసుకుని వెళ్ళిపోయింది. డాక్టరుని తీసుకొస్తుందని అమ్మ అనుకుంది. ఏలూరు డాక్టరు దొరగార్ల బంగళాలకే నడిచి వెళ్ళడు, మా లంకకి తాటి దోనెలో వస్తాడా?

పొద్దు కాస్త వాలేసరికి అత్త తిరిగొచ్చింది. డాక్టరు లేడు, మందు లేదు. చెంగులో ఏదో కాగితం. ఆవిడ ఏలూరు వెళ్ళి మా బాబాయిని మిషను దగ్గరినుంచి రెక్క పుచ్చుకుని లాక్కొచ్చి, ఆ బొమ్మ ఎక్కడుందో చూపించమందట. బ్లాకు వచ్చిందట, బొమ్మ పడిందట. ఆ కాగితం పట్టుకొచ్చింది. అమ్మకి ఒళ్ళు మండింది. పిల్లాడు జ్వరంతో మూలుగుతుంటే బొమ్మలు తెస్తావా వదినా అని ఏడ్చింది. అత్త వినిపించుకోలేదు. తన చేపల గంప దించి, అడుగున ఆ కాగితం పరిచి, పైన తడి తామరాకులు కప్పింది. నెత్తికెత్తుకుని, మా ఇంటి గుమ్మంలోకే, కొత్త ఊరికి వచ్చినట్టు వచ్చింది.

"చేపలండీ చేపలు! ఏవండీ బాబుగారూ, మంచి భూతం పడిందండి, చూస్తారా?"

మంచం మీద తమ్ముడు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. అత్త మంచం పక్కనే గంప దించుకుని చతికిలబడింది. ఇప్పుడే నీళ్ళలోంచి తీశానంది. ఇంకా కొట్టుకుంటోందంది. ఏలూరులో ఫలానా జమీందారుగారు అడిగినా ఇవ్వకుండా తమరి కోసమే తెచ్చానంది. తమ్ముడు దుప్పటిలోంచే వద్దన్నాడు.

"చూడకుండా వద్దంటే ఎలాగండీ? చూసి, వంక పెట్టి, అప్పుడు వద్దనండి. నా సరుక్కి వంక పెట్టగలిగిన మగాడు ఈ ఊళ్ళో ఉన్నాడేమో నేనూ చూస్తాను. ఆయ్!"

ఆ మాట వాడి మీద పనిచేసింది. మా లంకలో వంకలు పెట్టడంలో వాణ్ణి మించినవాడు లేడు కదా. దుప్పటి అంచు కొంచెం దిగింది. ఒక కన్ను కనబడింది. అత్త ఒక ఆకు చివర మాత్రం పక్కకి లాగింది. తోక కనబడింది. వాడు చూశాడు, చప్పున దుప్పటి కప్పుకున్నాడు. అత్త ఆకు సర్దేసి, ఎవరికో చెబుతున్నట్టు, ఈ ఊళ్ళో కొనే మొహాలు లేవు, పెంటపాడు పోవాలి అంది. దుప్పటిలోంచి చిన్న గొంతు వచ్చింది.

"తోక సన్నంగా ఉంది."

"అదేం మాటండీ, తోక సన్నమైతే కండంతా ఒంట్లో ఉంటుంది!"

"మొప్పలు ఎత్తి చూపించు."

అత్త ఇంకో ఆకు తీసింది, ఇంకోటి తీసింది. తమ్ముడు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. నేను వాడి వెనక నుంచి తొంగి చూశాను. వేయి నోళ్ళు చాలని ఆ రూపం ఎలా ఉందంటే, నెత్తిన కిరీటం, చెవులకి పోగులు, మెడలో పతకాల హారం, కోరమీసం, నిమ్మకాయలంత కళ్ళు. ఊరూరా తిరిగే నాటకాల వాళ్ళలో రాక్షసుడి వేషం కట్టే వాణ్ణి నడుందాకా చెక్కి, నడుం కింద చేప తోక అంటించారు. గీసినాయన నీళ్ళు తాగి ఉంటాడు గానీ నీళ్ళని ఎప్పుడూ చూసి ఉండడు. ఇంత మాత్రానికి ఆ రాసినాయన చేతులెత్తేసి, "చదువరీ, చూడుము" అని మమ్మల్ని పంపాడు! ఒకాయన తన పని ఎగ్గొట్టి రెండో ఆయన మీదికి తోస్తే, ఆ రెండో ఆయన ఇంకెక్కడో గీసిన బొమ్మకి తోక తగిలించి ఇద్దరి పనీ అయిందనిపించాడు.

తమ్ముడి మొహంలో ముక్కు మెల్లగా విరగడం నేను చూశాను. జ్వరంతో ఎర్రబడ్డ మొహంలో ఆ ముక్కు విరుపు చూసి అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మొప్పలేవి? మొప్పల్లేకుండా నీళ్ళలో ఎలా ఉంటది?" అన్నాడు వాడు. మీసం తడవలేదేమని అడిగాడు. గొలుసు వలకి పట్టుకోదా అన్నాడు. అత్త ఒక్కో వంకకీ ఒక్కో పొగడ్త చెబుతూ ఎదురు నిలబడింది. మీసానికి నూనె రాస్తుందండీ అంది. గొలుసు అసలు బంగారమండీ అంది. వాడు వినడం లేదు. వేలు చాపి, ఆ తోకమీద పైనుంచి కిందికి నిమిరాడు. మళ్ళీ కిందనుంచి పైకి నిమిరాడు. అమ్మ పక్కన కూర్చుని రోజూ చేపలు తోమే వేలు అది. ఆగిపోయాడు. మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"అత్తా. పొలుసులు తిరగేసి ఉన్నాయి."

అత్త ఏదో పొగడబోయి ఆగింది. కాగితం తన వైపు తిప్పుకుని చూసింది. నిజమే. పొలుసున్న ఏ చేపకైనా అది తల దగ్గర పుట్టి తోక వైపు వాలుతుంది. దీనికి తోక నుంచి తలకి వాలాయి. అత్త అది ముందు చూడలేదు. చూసుంటే దానితోనే మొదలెట్టేది. ఆవిడ అమ్మేదాని వేషం ఊడిపోయింది. గంప మీద పడి నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఇది ముందుకి ఈదితే పొలుసులన్నీ లేచిపోతాయి. ఒళ్ళంతా మండుద్ది," అన్నాడు తమ్ముడు గంభీరంగా. "ఇది ఎవర్నీ పట్టుకోలేదు."

"అయితే ఎంతకి తీసుకుంటారండీ బాబుగారూ?"

"ఊరికే ఇచ్చినా వద్దు."

"మరి దోనె ఎక్కుతావా అల్లుడా?" అంది అత్త, ఈసారి తన సొంత గొంతుతో.

వాడు గంపలోకి ఇంకోసారి చూశాడు. ఎక్కుతానన్నాడు. బొమ్మ మాత్రం తనతో రావాలన్నాడు.

ఇంకా వెలుతురు ఉండగానే బయలుదేరారు. నాన్న గెడ వేశాడు, అత్త ఒళ్ళో తమ్ముడు, తమ్ముడి ఒళ్ళో ఆ కాగితం. నాకు చోటు లేదు, ఒడ్డున అమ్మతో నిలబడ్డాను. దోనె కదిలేటప్పుడు తామరాకులు నిజంగానే లేచాయి, గెడ తగిలి. తమ్ముడు ఒరిగి చూడలేదు, ఎగబాకలేదు. నీళ్ళ వైపు మొహం తిప్పి, బజారులో అత్త మాట్లాడే గొంతుతో, "ముందు పొలుసులు సరిచేసుకుని రా, పో" అన్నాడు. దోనె తిన్నగా వెళ్ళిపోయింది.

కాలు దక్కింది. కోసిన గాటు పెద్దదే, వాడు ఇప్పటికీ మబ్బు పట్టిన రోజున కాస్త కుంటుతాడు. బాబాయి తరువాత అసలు పుస్తకం, అన్ని బొమ్మలూ పడినది, గొప్పగా తెచ్చి ఇచ్చాడు. మా లంక పిల్లలందరూ చుట్టూ చేరి ఆ భూతాన్ని చూసి పడీపడీ నవ్వారు. ఒక్కడూ భయపడలేదు. ఆ రాసినాయనా, ఆ గీసినాయనా కలిసి పిల్లల్ని జడిపించాలని ఎంత కష్టపడ్డారో పాపం! ఆ పుస్తకం మొత్తంలో మమ్మల్ని వణికించినవి రెండే. మాటలు ఊరుకున్నచోట బొమ్మలో లేచిన ఆ తామరాకులు ఒకటి. సిరా పడని ఆ తెల్ల చట్రం రెండోది. అందులో మొదటిది ఆ గీసినాయన పొరపాటున బాగా గీసి ఉంటాడని నా అనుమానం. రెండోదాంట్లో ఎవరి ప్రతిభా లేదు.

అప్పట్లో అత్తని అడిగాను, నాన్న లాగా ఆ కాగితం చింపేయకుండా అంత దూరం వెళ్ళి ఎందుకు తెచ్చావని. గంప కడుగుతూ, "కనబడనిదాన్ని బేరమాడడం ఎలాగే? కనబడిందనుకో, ఎంతటిదైనా ఎక్కడో ఒకచోట వంక ఉంటది" అంది. పెద్ద విషయం చెప్పానని ఆవిడ అనుకోలేదు. గంపలో అడుగున అంటుకున్న పొలుసుని గోటితో గీకడం మీదే ఆవిడ దృష్టంతా.

నాకు మాత్రం ఆ మాట ఇన్నేళ్ళూ తోడుగా ఉంది. పిల్లల పుస్తకం ఏది చేతికొచ్చినా అందుకే ముందు పొలుసులు చూస్తాను. మాట ఎక్కడ ఊరుకుందో, బొమ్మ ఎక్కడ ఊరుకుందో చూస్తాను. రెండూ ఎక్కడా ఊరుకోని పుస్తకమైతే పులి నవ్వినా ఏడ్చినా నాకొకటే. పుస్తకాలు కాని చోట కూడా అదే పని చేశాను. తుఫాను వస్తోందన్నప్పుడు ఎటునుంచో చూపించమన్నాను. పెళ్ళికొడుకు చాలా గొప్పవాడన్నప్పుడు ఫొటో కాదు, మనిషిని తీసుకురమ్మన్నాను. వచ్చాడు. వంకలు కనబడ్డాయి. చేసుకున్నాను.

ఈ మధ్య నా కడుపులో ఏదో ఉందన్నారు. ఇంట్లో అందరూ గుసగుసలు. ఏంటని అడిగితే మా పెద్దవాడు, "ఏం లేదమ్మా, నువ్వు కంగారుపడకు" అన్నాడు. తెల్ల చట్రం చూపించి ఇదియే ఆ భూతము అన్నట్టే ఉంది. నాకు రాత్రులు నిద్ర పట్టడం మానేసింది. మా తమ్ముడికి కబురు చేశాను. వాడు ఇప్పుడు బట్టతల, కళ్ళజోడు, మబ్బు పడితే కుంటు. ఇద్దరం కలిసి ఏలూరు వెళ్ళి డాక్టరు ఎదురుగా కూర్చున్నాం. నాకు చెప్పొద్దండీ, చూపించండి అన్నాను. ఆయన నా వయసు చూసి తటపటాయించాడు. తమ్ముడు ఊరుకోనిచ్చాడు కాదు. ఆయన నా కడుపుకి తీసిన స్కానింగు నల్లటి ఫిలిం తీసి వెలుగుతున్న గాజు పలక మీద పెట్టాడు.

మసకమసకగా, చింతగింజకన్నా కాస్త పెద్దదిగా, ఒక మూల ఉంది. ఓస్, ఇదా.

తమ్ముడు కళ్ళజోడు పైకి తోసుకుని, మొహం దగ్గరికి తీసుకెళ్ళి, చాలాసేపు చూశాడు. తరువాత నా వైపు వంగి, "మొప్పలు ఎత్తి చూపించమనవే అక్కా" అన్నాడు.

డాక్టరుగారికి మేమిద్దరం ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు. నేను కొంగు సర్దుకుని, ముక్కు విరిచి, బేరం మొదలెట్టాను.